నిద్రమత్తుకు కొలత

బియ్యాన్ని కిలోల్లో తూస్తాం. పాలను లీటర్లలో కొలుస్తాం. చేనును ఎకరాల్లో, సెంట్లలో చెబుతాం. జ్వరం వస్తే నర్సమ్మ థర్మామీటరు పెట్టి చూస్తుంది.

మరి నిద్రమత్తును దేనితో కొలవాలి? అలసటను ఏ తక్కెడలో వేసి తూచాలి?

నిద్ర వస్తే మనిషికి తెలుస్తుంది కదా, దానికి కొలత ఎందుకు అనిపించవచ్చు. ఎందుకో తెలియాలంటే ఆళ్లగడ్డలో ఒక ఇల్లు ఉందనుకుందాం. ఆ ఇంటికి వెళ్లి చూద్దాం.

ఆ ఇంటాయన లారీ డ్రైవరు. నంద్యాల మిల్లుల్లో బియ్యం ఎత్తుకుని చెన్నైకి పోతాడు. నిన్ననే తిరిగి వచ్చాడు. ఈ రాత్రి మళ్లీ బయలుదేరాలి. భార్య అన్నం పెడుతూ అంది.

"ఏమయ్యా, మూడు దినాలుగా నీకు సరిగా నిద్ర లేదు. ఈ రాత్రికి పండుకుని తెల్లారి పోరాదా?"

"నాకేమైతాదే? పదైదేండ్ల నుంచి నడుపుతాండా. అలవాటైపోయింది."

"కండ్లు ఎర్రగా ఉండాయి."

"దుమ్ముకు."

ఎవరి మాట నిజం? ఆమె దగ్గర కొలత లేదు. ఆయన దగ్గరా కొలత లేదు. అందుకే మాట అంతటితో ఆగిపోయింది. ఆయన లుంగీ సర్దుకుని లేచాడు.

ఇలాంటి మాటలు చాలా ఇళ్లలో జరుగుతాయి. కొలత ఉంటే ఆ మాట ముందుకు సాగుతుంది. నిద్రమత్తుకు కొలతలు నిజంగానే ఉన్నాయి. కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నాయి. కొన్ని మన ఇంట్లోనే ఉన్నాయి.

రాత్రి రోడ్డు

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడపకు, అక్కడి నుంచి చిత్తూరు వైపు ఒక పెద్ద రోడ్డు పోతుంది. అది 40వ నంబరు జాతీయ రహదారి. ఇంతకు ముందు దాన్ని 18వ నంబరు రోడ్డు అనేవారు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. రోడ్డు నున్నగా ఉంటుంది. రాత్రి పూట బండ్లు వేగంగా పోతాయి.

2024 మార్చి 6న తెల్లవారుజామున ఆళ్లగడ్డ మండలం నల్లగట్ల దగ్గర ఒక కారు, ఆగి ఉన్న లారీని గుద్దింది. తిరుపతి నుంచి హైదరాబాదు పోతున్న ఒకే కుటుంబంలో ఐదుగురు చనిపోయారు. వాళ్లలో కొత్తగా పెళ్లయిన జంట కూడా ఉంది.

2021 ఫిబ్రవరి 14న కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలంలో 44వ నంబరు రహదారి మీద ఇంకో ప్రమాదం జరిగింది. మదనపల్లె నుంచి అజ్మీరు యాత్రకు పోతున్న బండి, రోడ్డు మధ్య డివైడరును దాటి ఎదురుగా వచ్చే లారీని గుద్దింది. 14 మంది చనిపోయారు. అప్పుడు టైము తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతం. డ్రైవరు కునుకు తీసి ఉండవచ్చని పోలీసులు మొదట అనుమానించారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనిషి తాగి బండి నడిపితే పట్టుకోవచ్చు. గొట్టంలో ఊదిస్తే మిషను చెప్పేస్తుంది. రక్తం పరీక్ష చేసినా తెలుస్తుంది. నిద్రమత్తు అలా కాదు. పెద్ద శబ్దం అయితే చాలు, మత్తు ఎగిరిపోతుంది. గుద్దుకున్న తరువాత రక్తంలో ఏమీ దొరకదు. అంటే నిద్రమత్తుకు సాక్ష్యం మిగలదు. కాబట్టి ప్రమాదం జరిగాక కొలిచి లాభం లేదు. ముందే కొలవాలి.

మనిషి రెండు మూడు సెకన్లు తనకు తెలియకుండానే నిద్రలోకి జారిపోతాడు. కొన్నిసార్లు కళ్లు తెరిచే ఉంటాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక సెకనులో 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లలో 66 మీటర్లు. ఆ 66 మీటర్లూ లారీని నడిపేవాడు లేనట్టే.

1997లో ఆస్ట్రేలియాలో ఇద్దరు పరిశోధకులు నిద్ర లేమిని తాగుడుతో పోల్చి చూశారు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల సారా ఉన్న మనిషిలాగా తడబడ్డాడు. మన దేశంలో డ్రైవరు రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితేనే కేసు. అంటే పొద్దున ఐదుకు లేచి రాత్రి పదికి లారీ ఎక్కిన మనిషి, ఒక్క చుక్క తాగకపోయినా తాగినట్టే.

అలసట వేరు, నిద్రమత్తు వేరు

ఈ రెండింటినీ మనం ఒకే మాటగా వాడుతుంటాం. కానీ అవి వేరు వేరు.

పొద్దుటి నుంచి మిరపకాయలు కోసిన ఆడమనిషిని చూడండి. నడుము నొస్తుంది. కాళ్లు లాగుతాయి. చెట్టు కింద కూర్చుంటే హాయిగా ఉంటుంది. కానీ నిద్ర రాదు. ఇది అలసట. దీనికి విశ్రాంతి కావాలి.

బస్సులో కూర్చుని ఊరికి పోయే మనిషిని చూడండి. ఆమె ఏ పనీ చేయడం లేదు. కానీ తల వాలిపోతుంది. దిగాల్సిన ఊరు దాటిపోతుంది. ఇది నిద్రమత్తు. దీనికి విశ్రాంతి చాలదు. నిద్రే కావాలి.

మూడోది మెలకువ. కళ్లు తెరుచుకుని ఉంటేనే మెలకువ కాదు. చూసిన దానికి వెంటనే చేయి కదలాలి. అడ్డంగా గేదె వస్తే కాలు బ్రేకు మీదికి పోవాలి. పొయ్యి మీద పాలు పొంగితే చేయి గిన్నె మీదికి పోవాలి. అది నిజమైన మెలకువ.

ఈ మూడింటినీ వేరు వేరుగా కొలవాలి.

మొదటి కొలత: అడగడం

అన్నిటికన్నా సులువైన పద్ధతి మనిషినే అడగడం. 1990లో స్వీడన్ దేశంలో ఇద్దరు శాస్త్రవేత్తలు 1 నుంచి 9 వరకు అంకెలతో ఒక మెట్లవరుస తయారు చేశారు. 1 అంటే పూర్తిగా మెలకువ. 5 అంటే మెలకువా కాదు, మత్తూ కాదు. 7 అంటే నిద్ర వస్తోంది కానీ ఆపుకోవడం కష్టం కాదు. 9 అంటే నిద్రతో కొట్లాడుతున్నట్టు. "ఇప్పుడు నువ్వు ఏ అంకె మీద ఉన్నావు?" అని అడగాలి. అంతే.

1991లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఒక డాక్టరు ఇంకో పద్ధతి కనిపెట్టాడు. ఇందులో ఎనిమిది సందర్భాలు ఉంటాయి. కూర్చుని చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, బండిలో గంటసేపు కూర్చుని పోతున్నప్పుడు, ఇలాంటివి. ఒక్కో సందర్భంలో కునుకు పట్టే అవకాశం ఎంత? అసలు లేకపోతే 0. కొంచెం ఉంటే 1. ఒక మాదిరిగా ఉంటే 2. ఎక్కువగా ఉంటే 3. అన్నీ కూడితే ఎక్కువలో ఎక్కువ 24 వస్తుంది. 10 దాటితే పగటి నిద్ర మామూలు కన్నా ఎక్కువ ఉన్నట్టు. డాక్టరుకు చూపించుకోవాలి.

అయితే అడిగే పద్ధతిలో ఒక లోపం ఉంది. మనిషికి తన నిద్రమత్తు తనకే సరిగా తెలియదు.

2003లో అమెరికా శాస్త్రవేత్తలు ఈ సంగతి తేల్చారు. 48 మంది ఆరోగ్యవంతులను తీసుకున్నారు. కొందరిని రాత్రికి ఎనిమిది గంటలు, కొందరిని ఆరు గంటలు, కొందరిని నాలుగు గంటలు పడుకోనిచ్చారు. రెండు వారాలు ఇలా జరిపారు. రోజూ పరీక్ష పెట్టారు. నాలుగు గంటలు పడుకున్నవాళ్ల పని రోజురోజుకూ చెడిపోయింది. రెండు వారాలకు, రెండు రాత్రులు అసలు నిద్రపోని వాళ్లలాగా అయ్యారు. ఆరు గంటల వాళ్లు కూడా వెనకబడ్డారు. కానీ "ఎలా ఉంది?" అని అడిగితే పెద్దగా మత్తు లేదనే చెప్పారు. మొదటి కొన్ని రోజులే వాళ్లకు మత్తు పెరిగినట్టు తెలిసింది. తరువాత తెలియడం ఆగిపోయింది. పని చెడిపోవడం మాత్రం ఆగలేదు.

ఆళ్లగడ్డ డ్రైవరు "అలవాటైపోయింది" అన్నాడు కదా. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు నిజంగా అలాగే అనిపిస్తుంది. అలవాటైంది నిద్ర లేకపోవడం కాదు. నిద్ర లేనట్టు తెలియకపోవడం అలవాటైంది. అందుకే ఇంకో కొలత కావాలి.

రెండో కొలత: చేయి ఎంత చురుకు?

1985లో అమెరికాలో ఒక పరీక్ష తయారైంది. చేతిలో చిన్న పెట్టె ఇస్తారు. పెట్టె మీద అంకె వెలుగుతుంది. వెలగగానే మీట నొక్కాలి. మళ్లీ రెండు సెకన్లకో, పది సెకన్లకో ఇంకోసారి వెలుగుతుంది. ఎప్పుడు వెలుగుతుందో ముందుగా తెలియదు. ఇలా పది నిమిషాలు చేయాలి. నొక్కడానికి అర సెకను దాటితే చూపు తప్పినట్టు లెక్క. నిద్ర చాలిన మనిషికి చూపు తప్పడం అరుదు. నిద్ర చాలనివాడికి మాటిమాటికీ తప్పుతుంది. రాత్రి డ్యూటీలు చేసేవాళ్ల మీద, అంతరిక్షంలోకి పోయేవాళ్ల మీద ఈ పరీక్ష వాడారు.

ఆ పెట్టె మన దగ్గర లేదు. పిల్లల బడిసంచిలో 30 సెంటీమీటర్ల స్కేలు మాత్రం ఉంటుంది. దానితో ఇలా చేయవచ్చు.

ఒకరు స్కేలును పైకొసన పట్టుకోవాలి. సున్నా అంకె కిందికి ఉండాలి. రెండో మనిషి కింద బొటనవేలు, చూపుడువేలు తెరిచి, సున్నా దగ్గర పెట్టాలి. స్కేలును తాకకూడదు. మొదటి మనిషి చెప్పకుండా స్కేలును వదిలేయాలి. రెండో మనిషి వెంటనే పట్టుకోవాలి. వేళ్లు ఏ అంకె మీద పడ్డాయో చూడాలి.

15 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే, చేయి కదలడానికి సెకనులో ఆరో వంతు కన్నా కొంచెం ఎక్కువ పట్టినట్టు. 20 దగ్గర పట్టుకుంటే సెకనులో ఐదో వంతు. 30 దగ్గర పట్టుకుంటే సెకనులో నాలుగో వంతు. ఏ వస్తువైనా ఇంత సమయంలో ఇంత దూరమే పడుతుంది. అందుకే దూరాన్ని బట్టి సమయం చెప్పవచ్చు.

ఒక్కసారి చేసి తీర్పు చెప్పకూడదు. పదిసార్లు చేయాలి. పది అంకెలూ రాయాలి. ఒకరితో ఒకరిని పోల్చకూడదు. బాగా నిద్రపోయి లేచిన రోజు అంకెలు రాసి దాచాలి. నిద్ర లేని రోజు అంకెలు రాసి, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టాలి. స్కేలు చేతికి అందకుండా ఎన్నిసార్లు జారిపోయిందో ముఖ్యంగా చూడాలి. ఇంకో మాట. అంకెలు బాగా వచ్చాయని రాత్రి లారీ ఎక్కవచ్చు అనుకోకూడదు. నిమిషంసేపు ఎవరైనా చురుకుగా ఉండగలరు. నాలుగు గంటలు ఒకే తీరుగా పోయే రోడ్డు మీద ఉండటం వేరే సంగతి.

మూడో కొలత: కంటిరెప్పలు

నిద్ర మొదట కంటిరెప్పల మీద వాలుతుంది. రెప్ప మెల్లగా దిగుతుంది. మెల్లగా లేస్తుంది. 1990ల్లో అమెరికాలో దీన్ని కూడా లెక్కకట్టారు. ఒక నిమిషంలో రెప్పలు దాదాపు మూసుకుపోయిన సమయం ఎంత అని చూస్తారు. ఆ సమయం పెరిగే కొద్దీ మత్తు పెరిగినట్టు.

ఇప్పుడు కొన్ని కొత్త కార్లలో, బస్సుల్లో, లారీల్లో డ్రైవరు ఎదురుగా చిన్న కెమెరా ఉంటుంది. అది రెప్పలను చూస్తుంది. మూసుకుపోతుంటే గంట కొడుతుంది. యూరప్ దేశాల్లో 2024 జూలై నుంచి కొత్తగా అమ్మే ప్రతి కారుకూ, లారీకీ డ్రైవరు మత్తును పసిగట్టే ఏర్పాటు ఉండాలని నియమం ఉంది.

రైలింజనులో ఇంకో ఏర్పాటు ఉంటుంది. నంద్యాల మీదుగా గుంటూరు, గుంతకల్లు వైపు రైళ్లు తిరుగుతాయి కదా. ఇంజను నడిపేవాడు ఒక నిమిషం పాటు ఏ మీటా కదపకపోతే ఎదురుగా దీపం వెలుగుతుంది. అప్పుడూ కదపకపోతే బజరు మోగుతుంది. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే బ్రేకులు వాటంతట అవే పడతాయి. రైలు ఆగిపోతుంది. ఇది కూడా మెలకువను కొలిచే మిషనే. రోజంతా కొలుస్తూనే ఉంటుంది.

లారీలో ఇవేవీ లేకపోతే పక్కన ఉన్న మనిషే కెమెరా. క్లీనరు కావచ్చు. ప్రయాణం చేసే మనం కావచ్చు. మాటిమాటికీ ఆవులింత, కళ్లు నలపడం, తల వాలడం, బండి పక్కకు జరగడం, దాటిన ఊరు గుర్తు లేకపోవడం, ఇవన్నీ గుర్తులు. ఇందులో ఒక్కటి కనిపించినా బండి ఆపమనాలి. "ఆయనకు కోపం వస్తుందేమో" అని ఊరుకోకూడదు.

నాలుగో కొలత: ఎంత త్వరగా నిద్ర పడుతుంది?

ఆకలి ఎంత ఉందో అన్నం ముందు కూర్చుంటే తెలుస్తుంది. నిద్ర ఎంత బాకీ ఉందో పడుకుంటే తెలుస్తుంది.

1970ల్లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతి పుట్టింది. పగటి పూట రెండు గంటలకు ఒకసారి, నాలుగైదు సార్లు చీకటి గదిలో పడుకోబెడతారు. ఒక్కోసారి 20 నిమిషాలు ఇస్తారు. తలకు సన్నని తీగలు అంటిస్తారు. ఆ తీగలు మెదడులో పుట్టే సన్నటి కరెంటును కాగితం మీద గీతలుగా చూపిస్తాయి. మెలకువలో గీత ఒకలా ఉంటుంది. నిద్రలో ఇంకోలా ఉంటుంది. మనిషి మెదడు గీతలను మొదటిసారి పట్టుకున్నది జర్మనీ డాక్టరు హాన్స్ బెర్గర్. అది 1924లో.

పడుకున్న ఎన్ని నిమిషాలకు నిద్ర పట్టిందో ఆ గీతలు చెబుతాయి. అన్నిసార్లదీ కలిపి సగటున ఎనిమిది నిమిషాల లోపే పట్టేస్తే మత్తు చాలా ఎక్కువగా ఉన్నట్టు.

ఇంట్లో చేసుకునే పాత పద్ధతి ఒకటి ఉంది. మధ్యాహ్నం మంచం మీద పడుకుని, చేతిలో గరిటె పట్టుకోవాలి. చేయి మంచం అంచు బయటకు ఉండాలి. కింద నేల మీద స్టీలు పళ్లెం పెట్టాలి. పడుకునే ముందు గడియారం చూడాలి. నిద్ర పట్టగానే వేళ్లు వదులవుతాయి. గరిటె పళ్లెం మీద పడుతుంది. ఆ శబ్దానికి లేచి మళ్లీ గడియారం చూడాలి. ఐదు నిమిషాలకే గరిటె పడితే నిద్ర చాలా బాకీ ఉన్నట్టు. పావుగంట దాటినా పడకపోతే బాకీ పెద్దగా లేనట్టు. ఇది ఆసుపత్రి పరీక్షంత కచ్చితం కాదు. కానీ ఉన్న సంగతి కొంత చెబుతుంది.

కొందరు రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా పగలు కునికిపాట్లు పడతారు. గట్టిగా గురక పెడతారు. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టై, ఉలిక్కిపడి మళ్లీ పీలుస్తారు. అది జబ్బు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి, నిద్ర ముక్కలైపోతుంది. దానికి పరీక్ష ఉంది. వైద్యం ఉంది. ఆ గురక పడుకున్నవాళ్లకు వినపడదు. పక్కన ఉన్న మనకే వినపడుతుంది. కాబట్టి డాక్టరుకు చెప్పాల్సింది కూడా మనమే.

అలసటకు కొలత

ఇటలీ దేశంలో ఆంజెలో మొస్సో అనే శాస్త్రవేత్త ఉండేవాడు. 1880ల్లో ఆయన ఒక మిషను చేశాడు. వేలికి దారం కట్టి, దారానికి బరువు వేలాడదీసేవాడు. వేలితో బరువును మళ్లీ మళ్లీ లాగమనేవాడు. మొదట బాగా పైకి లేస్తుంది. పోను పోను తక్కువ లేస్తుంది. చివరకు లేవదు. ఇదంతా కాగితం మీద గీతగా పడేది. పరీక్షలు జరిపి వచ్చిన అధ్యాపకుడి వేలు కూడా త్వరగా సోలిపోయిందని ఆయన చూశాడు. ఆ అధ్యాపకుడు బరువులు మోయలేదు. బుర్రతో పని చేశాడు. అయినా చేయి అలసింది. పని ఏదైనా ఒళ్లు ఒకటే.

మన ఇళ్లలో ఆడవాళ్ల అలసటను ఎవరూ కొలవరు. "ఊరికే కూర్చుంటుంది", "ఒళ్లు బద్ధకం" అనేస్తారు. ఆడవాళ్లు కూడా నిజమే కాబోలు అనుకుంటారు.

కానీ ఈ అలసటకు ఒక మంచి కొలత ఉంది. ఒక్క రక్తపు చుక్క చాలు. రక్తంలో ఎర్రదనం ఇచ్చే పదార్థం ఉంటుంది. దాని పేరు హీమోగ్లోబిన్. అది ఒంటికంతా ప్రాణవాయువును మోస్తుంది. ఆడవాళ్లలో అది 12 ఉండాలి. కడుపుతో ఉన్నవాళ్లలో 11 అయినా ఉండాలి. అంతకన్నా తగ్గితే రక్తహీనత. అప్పుడు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. బిందె ఎత్తితే కళ్లు తిరుగుతాయి. ఎంత పడుకున్నా అలసట తీరదు.

2019-21లో దేశమంతా జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 59 మంది దాకా రక్తహీనతతో ఉన్నారని తేలింది. అంటే పది మందిలో ఆరుగురు. అంతమంది బద్ధకస్తులా? కాదు. వాళ్లకు రక్తం తక్కువ.

పరీక్ష సర్కారు ఆసుపత్రిలో డబ్బు లేకుండా చేస్తారు. ఐరన్ మాత్రలు కూడా ఇస్తారు. మాత్రతో పాటే టీ తాగకూడదు. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. నిమ్మ, ఉసిరి పట్టనిస్తాయి. తోటకూర, మునగాకు, రాగులు, గుడ్లు, మాంసం తినాలి. రక్తం సరిగా ఉన్నా అలసట తీరకపోతే షుగరు, థైరాయిడు పరీక్షలు చేయించుకోవాలి.

అన్నిటికన్నా మంచి పరికరం

ఇన్ని కొలతలు చూశాం. కొన్నిటికి మిషను కావాలి. కొన్నిటికి డాక్టరు కావాలి. ఏ మిషనూ అక్కరలేని కొలత ఒకటి ఉంది. నిద్ర డాక్టర్లు కూడా మొదట దాన్నే అడుగుతారు. అది నిద్ర లెక్క.

దీనికి పెన్సిలు కావాలి. గోడ మీద క్యాలెండరు కావాలి. రాయడం రావాలి. రాయడం మనకు వచ్చు.

ఎన్ని గంటలకు పడుకున్నారు? ఎన్ని గంటలకు లేచారు? మధ్యలో ఎన్నిసార్లు లేచారు? రోజూ పొద్దున లేవగానే రాయాలి. అంతే.

ఆళ్లగడ్డ ఇంట్లో ఆమె అదే చేసింది. అక్షరాలు నేర్చి ఏడాది కాలేదు. అంకెలు బాగా వచ్చు. క్యాలెండరు గళ్లలో ఆయన ఇంటికి వచ్చినప్పుడల్లా అడిగి రాసింది. సోమవారం 4. మంగళవారం 5. బుధవారం 3. గురువారం 4. శుక్రవారం 6. శనివారం 3. ఆదివారం 7. అన్నీ కూడింది. 32 వచ్చింది.

పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. వారానికి 49 గంటలు. 49లో 32 తీసేస్తే 17. ఒక్క వారంలో 17 గంటల బాకీ.

రాత్రి మళ్లీ అన్నం పెడుతూ ఆమె క్యాలెండరు తెచ్చి ముందు పెట్టింది.

"ఇదేందే?"

"నీ నిద్ర లెక్క. నువ్వు చెప్పిందే రాసినా."

ఆయన వేలు పెట్టి ఒక్కో గడీ చూశాడు. అప్పు చీటీ చూసినట్టు చూశాడు. ఈసారి "అలవాటైపోయింది" అనలేదు. గళ్ల అడుగున ఇంకో వరుస అంకెలు కనిపించాయి. 5, 5, 4, 5, 4, 5, 5.

"ఇవెవరివి?"

"నావి."

ఆయన కాసేపు మాట్లాడలేదు.

"నీకూ లేదా నిద్ర?" అన్నాడు.

"రాత్రి పదకొండుకు పండుకుంటా. నాలుక్కు లేస్తా. పిల్లోడు మధ్యలో లేపుతాడు."

ఆ రాత్రి ఆయన నంద్యాలకు ఫోను చేశాడు. లోడు పొద్దున ఎత్తుకుంటానన్నాడు. అవతలి వాళ్లు గట్టిగానే మాట్లాడారు. ఆయనా గట్టిగానే మాట్లాడాడు. తరువాత పండుకున్నాడు. పిల్లవాడిని తన పక్కన వేసుకున్నాడు.

రోడ్డు మీద ఏం చేయాలి?

ఎప్పుడూ ఇలా ఆగడం కుదరదు. కూలి పోతుంది. కిరాయి పోతుంది. అది నిజమే. డ్రైవర్ల పని గంటలు డ్రైవరు ఒక్కడి చేతిలో లేవు. అందుకే 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని రాసింది. ఐదు గంటల పనికి అరగంట విశ్రాంతి అని రాసింది. ఆ చట్టంలో అంత ఉండేది. రోడ్డు మీద ఎంత ఉందో లారీ డ్రైవర్ల ఇళ్లలో అందరికీ తెలుసు.

రాత్రిపూట పోలీసులు బండ్లు ఆపి డ్రైవర్లతో మొహం కడిగిస్తుంటారు. మంచిదే. కానీ దాని బలం కొద్ది నిమిషాలే. పాటలు పెట్టుకోవడం, అద్దం దించి గాలి పెట్టుకోవడం కూడా అంతే. నిద్రకు మందు నిద్రే. బండిని రోడ్డు మీద కాకుండా, రోడ్డు దిగి ఆగే చోట ఆపాలి. టీ తాగి, 15 నుంచి 20 నిమిషాలు కునుకు తీయాలి. లేచేసరికి టీ పని మొదలవుతుంది. ఇది కొంతసేపు ఆదుకుంటుంది. రాత్రి రెండు నుంచి ఆరు వరకు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు నిద్ర ఎక్కువగా లాగుతుంది. ఆ వేళల్లో మరీ జాగ్రత్త.

బైకు వెనక కూర్చున్న ఆడవాళ్లు కునుకు పట్టి పడిపోయిన సంగతులు మనం విన్నాం. పొయ్యి దగ్గర, కొడవలి దగ్గర, బావి దగ్గర కూడా మత్తు ప్రమాదమే. కాబట్టి లెక్క మగవాళ్లకే కాదు. మనకూ రాసుకోవాలి.

కంటికి కనిపించని దాన్ని గురించి వాదిస్తే వాదనే మిగులుతుంది. రాసి చూపిస్తే అందరూ చూస్తారు.

మాట్లాడుకుందాం, చేసి చూద్దాం

1. ఇటీవల మీకు బస్సులోనో, పనిలోనో కునుకు పట్టిందా? అది అలసటా, నిద్రమత్తా?

2. ఈ వారం మీ నిద్ర లెక్క రాయండి. ఇంట్లో అందరిదీ రాయండి. ఎవరి బాకీ ఎక్కువ?

3. స్కేలు పరీక్ష పొద్దున పదిసార్లు, రాత్రి పదిసార్లు చేయండి. అంకెలు రాసి పోల్చండి.

4. మీ రక్తంలో హీమోగ్లోబిన్ ఎంత? తెలియకపోతే నలుగురు కలిసి ఆసుపత్రికి వెళ్లి తెలుసుకోండి.

5. మీ ఇంట్లో మొదట లేచేది ఎవరు? చివర పడుకునేది ఎవరు? ఎందుకు?